మణికట్టు మీద పావలా

ఆ రోజుల్లో మాకు మెదడు ఒక్కటే ఉందనుకునేవాళ్ళం. అమెరికా వచ్చింది మెదడుతో పనిచేయడానికి కాబట్టి, మిగతా ఒళ్ళంతా దాన్ని ఆఫీసుదాకా మోసుకెళ్ళే బండి అనీ, ఆ బండికి రెండు పూటలా ఇంత పప్పూ అన్నం పడేస్తే చాలనీ మా నమ్మకం. బయల్దేరే ముందు మా అమ్మ నా పెట్టెలో కుక్కరు, దానికి రెండు అదనపు రబ్బర్లు, ఆవకాయ, జ్వరం మాత్రలు, అజీర్తి మాత్రలు, పంటినొప్పికి లవంగతైలం సర్దింది. పళ్ళకీ కడుపుకీ జాగ్రత్తలు చెప్పినవాళ్ళు వీధంతా ఉన్నారు గానీ, మణికట్టు అనే అవయవం ఒకటుంటుందనీ దాన్ని ఎటు పడితే అటు వంచి గంటలకొద్దీ ఉంచకూడదనీ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. (గాజులు వేసుకునేటప్పుడు తప్ప అది నాకూ ఎప్పుడూ గుర్తొచ్చింది కాదు.)

నేను ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో దిగింది రెండువేల ఏడు ప్రాంతంలో. ఆ ఊళ్ళో ఒక మహా దుకాణాల కంపెనీ హెడ్డాఫీసు ఉంది. ఊళ్ళో తెలుగువాళ్ళెవరిని కదిపినా ఆ ఆఫీసు పేరే చెప్పేవాళ్ళు. మా కన్సల్టెన్సీ వాళ్ళు నన్ను అక్కడ కాంట్రాక్టరుగా పెట్టారు. దుకాణంలో అరల మీది సరుకు ఎప్పుడు అయిపోతుందో ముందే కనిపెట్టే ప్రోగ్రాములో ఒక ముక్క రాయడం నా ఉద్యోగం. అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు, ఎత్తు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ, ఆఫీసరు లాంటి మనిషి ఎదురైతే ఇంకో రెండంగుళాలు తగ్గిపోయే స్వభావం. మొదటిరోజు పొట్టి అడ్డగోడల మధ్య ఒక క్యూబ్ చూపించి ఇక్కడ కూర్చోమన్నారు. నాకు ముందు ఆ సీట్లో తాటిచెట్టంత కుర్రాడొకడు ఉండేవాడట. కుర్చీని అడుక్కంటా దించుకుని, కాళ్ళు బార్లా చాపుకుని, సగం పడుకుని పనిచేసేవాడట. అతను ఇంకో ఊరు వెళ్ళిపోయాడు, కుర్చీ మాత్రం అతను దించినంత కిందే ఉండిపోయింది. అందులో నేను కూర్చుంటే బల్ల నా ఛాతీ దాకా వచ్చింది. రైల్వే కౌంటరు ముందు మునివేళ్ళ మీద నిలబడి టిక్కెట్టు అడిగే పిల్లలా, రెండు చేతులూ పైకెత్తి, మణికట్లు బల్ల అంచుకి ఆనించి, అరచేతులు వెనక్కి విరిచి టైపు చేసేదాన్ని. పైగా ఆ కుర్రాడు కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్ళు కూడా లేపి పెట్టిపోయాడు. అంటే నా చేతులు ఇంకొంచెం విరగాలన్నమాట.

కుర్చీని లేపుకోవచ్చుగా అని మీరనుకుంటారు. ఇప్పుడు నేనూ అదే అనుకుంటాను. కానీ నేను చదివిన కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం. మిషన్ల మీద ముఖమల్ తొడుగులుండేవి. గోడ మీద ఎర్రక్షరాలతో 'ఇచ్చట ఎవరూ ఏ అమరికనూ మార్చరాదు' అని రాసి ఉండేది. ఒకసారి ఎవరో స్క్రీను వెలుతురు కాస్త తగ్గించుకుంటే ల్యాబ్ అటెండరు క్లాసు మొత్తాన్నీ ఎండలో నిలబెట్టాడు. అటువంటి గుడిలో చదువుకుని వచ్చినదాన్ని, క్లయింటు కంపెనీ కుర్చీ కింద ఉన్న మీటని చెయ్యి పెట్టి లాగుతానా? ఆ మీట వాళ్ళది, కుర్చీ వాళ్ళది, ఎత్తు వాళ్ళు నిర్ణయించింది. కాంట్రాక్టరన్నవాడు ఎలా ఉన్నదాన్ని అలా వాడుకుని ఎలా ఉన్నదాన్ని అలా వదిలిపోవాలి. ఇదీ నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద ఎనిమిది నెలలు కూర్చున్నాను.

ఇంటి దగ్గర వ్యవహారం మరీ ఘనం. అపార్ట్‌మెంట్‌లో మంచం తప్ప సామాన్లు లేవు. ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసుని అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని పనిచేసేదాన్ని. సూట్‌కేసు అంచున గట్టి చట్రం ఒకటి మణికట్టు కిందకి సరిగ్గా వచ్చేది. చెయ్యి పెట్టుకోవడానికి ఎంత వీలుగా ఉందో అని మురిసిపోయాను కూడా.

ఆరో నెలలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. ఉంగరపువేలు సగం మాత్రమే తిమ్మిరెక్కేది. చిటికెనవేలికి ఏమీ లేదు, అది నిక్షేపంగా ఉంది. పొద్దున లేచేసరికి చెయ్యి నాది కానట్టుండేది. విదిలించి విదిలించి దాన్ని లేపుకోవాల్సి వచ్చేది. పోపులోకి చిటికెడు ఇంగువ తీయబోతే ఇంగువ వచ్చిందో లేదో వేళ్ళకి తెలిసేది కాదు (రెండుసార్లు చారంతా ఇంగువే అయింది). జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. ఫోన్లో అమ్మకి చెబితే వాతం అని ఒక్క క్షణంలో తేల్చేసి, వంకాయ, బంగాళాదుంప, గోంగూర మానెయ్యమంది. ఆర్కాన్సాలో నాకు గోంగూర ఎక్కడ దొరుకుతోంది గనక మానడానికి! వంకాయ మానేశాను. తిమ్మిరి మానలేదు.

ఆపైన నా సొంత వైద్యం మొదలైంది. చేతులకి విశ్రాంతి చాలడం లేదు కాబోలనుకుని మణికట్టు కింద పెట్టుకునే మెత్తటి జెల్ దిండు ఒకటి కొన్నాను. అంతకుముందు బల్లకి చేతులు ఆనించేదాన్ని, ఇప్పుడు దిండుకేసి ఒత్తి పెట్టడం మొదలుపెట్టాను. మెత్తగా ఉంది కదా, ఇంకా గట్టిగా ఒత్తొచ్చు. అదీ పనిచేయకపోతే, కొట్లో ఆటవస్తువుల వరసలో మణికట్టుకి కట్టుకునే పట్టీ ఒకటి కనిపించింది. లోపల గట్టి ప్లాస్టిక్ బద్ద, చూడగానే డాక్టర్లిచ్చేదిలా ఉంది. అది చక్రాల బూట్లతో పరుగెత్తే పిల్లలు కిందపడితే చెయ్యి విరగకుండా కట్టుకునేది. అందులో చెయ్యి పెడితే అరచెయ్యి వెనక్కి విరుచుకుని నిలబడుతుంది. నేను శ్రద్ధగా వారం రోజులు అది కట్టుకుని నిద్రపోయాను, అంటే వారం రోజులపాటు మంచం మీద దేవతామూర్తిలా అభయహస్తం చూపిస్తూ పడుకున్నాను. ఆ వారం చివరికి నా చేతికే అభయం లేకుండా పోయింది. కాఫీ కప్పు జారి పగిలింది.

ఈ గొడవంతా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా ప్రోగ్రాము ఆరు వారాల్లో దుకాణాలకి వెళ్ళాలి. నా కాంట్రాక్టు కూడా అప్పటితోనే అయిపోతుంది. దాన్ని పొడిగిస్తారా లేదా అన్నది మేనేజరు చేతిలో ఉంది. పొడిగించకపోతే ఇంకో ప్రాజెక్టు దొరకాలి, దొరక్కపోతే వీసా సంగతేమిటో నాకు ఆలోచించడానికే భయం. తెలుగు కాంట్రాక్టర్లలో ఒక మాట తిరుగుతూ ఉండేది, ఒంట్లో బాగాలేదన్నవాళ్ళని మర్యాదగా ఇంటికి పంపించేస్తారని. ఎవరిని పంపించారని అడిగితే ఎవరికీ తెలియదు. తెలియని సంగతికి భయం ఇంకా ఎక్కువ. అందుకని మౌసుని ఎడమ చేతికి మార్చుకుని, కుడిచేతిని కాసేపటికోసారి బల్ల కింద రహస్యంగా విదిలించుకుంటూ గడిపాను. మా మేనేజరు ప్రతి మీటింగునీ ఆ రోజు ఎండా వానా గురించి ఐదు నిమిషాలు మాట్లాడి గానీ మొదలుపెట్టేవాడు కాదు, అందుకని మేమంతా ఆయన్ని 'వాతావరణం గారు' అనేవాళ్ళం. ఆయన నన్ను పలకరించడానికి వచ్చినప్పుడల్లా నేను చెయ్యి విదిలించడం ఆపి, ఆ చేత్తోనే టాటా చెప్పేదాన్ని.

మా పక్క అపార్ట్‌మెంట్‌లో జగిత్యాల వైపు అక్క ఒకామె ఉండేది. ఆ వేసవిలో వాళ్ళ నాన్న ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చారు. అక్క ఆయన్ని 'బాపు' అనేది, ఊళ్ళో అందరూ 'టైపు సారు' అనేవాళ్ళట. జగిత్యాలలో ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో గుమాస్తాలు సగంమంది ఆయన దగ్గర లోయరూ హయ్యరూ పాసైనవాళ్ళేనని అక్క గర్వంగా చెప్పేది. కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. ఇక్కడ కారు లేకపోతే కదల్లేని ఊరు, టీవీలో అర్థంకాని ఆటలు. పాపం ఆయన పార్కింగ్ లాట్ చుట్టూ పొద్దున పది, సాయంత్రం పది ప్రదక్షిణాలు చేసేవారు.

ఒక ఆదివారం అక్క నన్ను భోజనానికి పిలిచింది. పప్పు కలుపుకుని ముద్ద నోటిదాకా తెచ్చేసరికి అది వేళ్ళ మధ్యనుంచి జారి కంచంలో పడింది. రెండోదీ పడింది. నేను నవ్వేసి చెంచా అడిగాను. ఎదురుగా కూర్చున్న సారు తినడం ఆపేసి నా చెయ్యి వంక చూస్తూ, ఏయే వేళ్ళని అడిగారు. చెప్పాను. చిటికెనవేలు బాగానే ఉందా అని అడిగారు. ఉందన్నాను. భోజనమైన తర్వాత నా 'మిషను' తెచ్చుకోమన్నారు. లాప్‌టాప్ తెచ్చి, మా ఇంట్లో ఎలా కూర్చుంటానో అలాగే నేల మీద కూర్చుని, టీ బల్ల మీద పెట్టి టైపు చేసి చూపించాను. సారు నా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తర్వాత, "ఇది టైపు కాదు బిడ్డా. ఇది అడుక్కునుడు," అన్నారు.

నాకు రోషం వచ్చింది. ఎందుకంటే టైపు విషయంలో నాకు పాత పాపం ఒకటుంది. తణుకులో ఇంటర్ సెలవుల్లో మా నాన్న నన్ను టైపు లోయర్‌లో చేర్పిస్తే, ఎ ఎస్ డి ఎఫ్ కొట్టి కొట్టి విసుగొచ్చి, మూడో వారానికి మానేశాను. కంప్యూటర్ వచ్చాక ఇంక టైపెందుకు, అది గుమాస్తాల చదువు అని మా నాన్నతో వాదించాను కూడా. తర్వాత జీవితమంతా కీబోర్డు మీద బతుకుతానని, అదీ నాలుగు వేళ్ళతో బతుకుతానని అప్పుడెవరికి తెలుసు. ఆ సంగతి సారుకి చెప్పకుండా, ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తారండీ అంకుల్ అన్నాను. సారు వాదించలేదు. అక్కని రెండు పావలాలు, అంటే క్వార్టర్లు, తెమ్మన్నారు. నన్ను భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కింద దిండు వేసి, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా పెట్టించి, రెండు మణికట్ల మీదా ఒక్కో పావలా పెట్టి, కొట్టమన్నారు. నేను ఒక మాట కొట్టేలోపల పావలాలు రెండూ టపటపా కిందపడ్డాయి. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడ్డాయి. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి నెలంతా ఇదేనట. రూపాయి బిళ్ళ పడితే ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. చెయ్యి పైకి విరగకూడదు, కిందకి వాలకూడదు, పక్కకి తిరగకూడదు, మణికట్టు బల్లని ముట్టుకోకూడదు. మోచేతినుంచి వేళ్ళదాకా గీత గీసినట్టుండాలి.

తర్వాత ఆయన డాక్టరుకి చూపించుకొమ్మన్నారు. టైపు సంగతి తను చూసుకుంటానని, నరం సంగతి డాక్టరుకే తెలుస్తుందని అన్నారు. నేను ఆరు వారాలు, కాంట్రాక్టు, మేనేజరు, పుకార్లు అన్నీ ఏకరువు పెట్టి, ఇది అయ్యాక తప్పకుండా చూపించుకుంటానన్నాను. సారు లేచి కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుని, తన కుడి అరచెయ్యి నా ముందు తెరిచి పెట్టారు. బొటనవేలి మొదట్లో అందరికీ కండ ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, అక్కడ ఆయనకి గుంట ఉంది. గరిటె లోపలి భాగంలా నున్నగా, లోతుగా ఉంది.

"పిల్లలకు మంచిగ చెప్పిన. నేను చెయ్యలే," అన్నారు. పగలంతా పాఠాలు చెప్పి, సాయంత్రాలు మిషన్లు విప్పి చెయ్యి మెలితిప్పి మరమ్మతులు చేసుకునేవారట, ఆపైన కోర్టు కాగితాలు ఎత్తు బల్ల మీద వంగి ఆదరాబాదరాగా కొట్టేవారట. తిమ్మిరి మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు. "టైపు సారుకే చెయ్యి పడిపోయిందంటే పిల్లలెవరు వస్తరు అనుకున్న. దాసిన. నాలుగేండ్లు దాసిన. ఇప్పుడు నా అంగీ గుండీలు నా బిడ్డ పెడ్తది."

అప్పుడు చూశాను, ఆయన చొక్కాకి పై గుండీ వరకూ అన్నీ తీరుగా పెట్టి ఉన్నాయి. అప్పటిదాకా నాకు పోయేది ఉద్యోగమనే అనుకున్నాను. పోయేది చెయ్యి అన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

ఆ వారమే అక్క తన కారులో నన్ను చేతుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ నన్ను రెండు అరచేతుల వెనకభాగాలూ కలిపి, వేళ్ళు నేలవైపు పెట్టి పట్టుకోమంది. తలకిందులు నమస్కారమన్నమాట. అర నిమిషం గడవకుండానే మూడున్నర వేళ్ళూ జిల్లుమన్నాయి. నరానికి చిన్న చిన్న కరెంటు పెట్టి చూసి, బొమ్మ గీసి చెప్పింది. మణికట్టు లోపల ఎముకలూ ఒక గట్టి పట్టీ కలిసి చేసిన ఇరుకు సొరంగం ఉంటుందట. వేళ్ళని కదిపే తొమ్మిది తాళ్ళూ, ఈ మూడున్నర వేళ్ళకి స్పర్శ తెలిపే ఒక్క నరమూ అందులోంచే పోవాలి. (జనరల్ బోగీలో తొమ్మిదిమంది పహిల్వాన్ల మధ్య ఇరుక్కున్న బక్కప్రాణి నా కళ్ళముందు కనిపించాడు.) చిటికెనవేలి నరం వేరే దారిలో పోతుంది, అందుకే దానికంత ధీమా. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు లోపల కాస్త చోటుంటుంది. పైకి విరిచినా కిందికి వంచినా ఆ చోటు తగ్గి నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. దానికి తోడు బల్ల అంచుకో దిండుకో ఒత్తి పెడితే పైకప్పు మీద కాలేసి తొక్కినట్టే. అందరికీ టైపు వల్లే వస్తుందని లేదనీ, కొందరికి పుట్టుకతోనే సొరంగం ఇరుకనీ, షుగరూ థైరాయిడూ ఉన్నా రావచ్చనీ, అవేమీ నాకు లేవనీ చెప్పింది. నా అభయహస్తం పట్టీని చూసి మాత్రం ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. దాని బదులు చేతిని తిన్నగా ఉంచే పట్టీ ఇచ్చింది. నరం ఇంకా బాగానే ఉంది, కత్తిదాకా పోనక్కర్లేకపోవచ్చు, ఆరు వారాల తర్వాత చూద్దాం అంది. ఆఫీసులో కూర్చునే తీరు మార్చాలని మేనేజరుకి ఒక ఉత్తరం రాసిచ్చింది.

ఆ ఉత్తరం నా బ్యాగులో నాలుగు రోజులు ఉంది. రోజూ సాయంత్రం సారు పార్కింగ్ లాట్‌లో ఎదురై, ఇచ్చినవా అని అడిగేవారు. రేపిస్తానండీ అనేదాన్ని. నాలుగో సాయంత్రం ఆయన అడగలేదు. తన చొక్కా పై గుండీ ఒకసారి తడుముకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పెద్దాయన గట్టిగా తిట్టినా నాకు అంత తగిలేది కాదు.

మర్నాడు పొద్దున వాతావరణం గారి గదిలోకి వెళ్ళి, మధ్యాహ్నం వాన పడొచ్చన్న సంగతి పూర్తిగా విన్న తర్వాత, ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, లేచి నా క్యూబ్ వైపు నడిచాడు. నేను వెనకే, మనసులో అప్పటికే సామాను సర్దుకుంటూ నడిచాను. కూర్చోమన్నాడు, కూర్చున్నాను. ఆరడుగుల పైచిలుకు మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ కింద చెయ్యి పెట్టి, ఆ మీట లాగి, నన్ను కొంచెం లేవమన్నాడు. కుర్చీ ఉస్సుమంటూ పైకి లేచింది. నేనూ దానితోపాటు లేచాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి క్యూబ్ గోడ పైనుంచి అవతలికి చూశాను (వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తల వంచుకునే నడిచేదాన్ని). అక్కడొక కిటికీ ఉంది. కిటికీ బయట పూలు పూసిన చెట్టొకటి ఉంది. ఇన్నాళ్ళూ గోడ మీదుగా పడుతున్న ట్యూబులైటు వెలుతురనుకున్నది పగటి వెలుతురట.

ఆయన కీబోర్డు కాళ్ళు మడిచి పడుకోబెట్టాడు, జెల్ దిండు తీసి సొరుగులో పడేశాడు, నా కాళ్ళు గాల్లో వేలాడుతుంటే ఎక్కడినుంచో రెండు లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీలు తెచ్చి కింద పెట్టాడు. ఈ మీట ఎవరైనా లాగొచ్చని ఇన్నాళ్ళూ నీకెవరూ చెప్పలేదా అని అడిగాడు. అడగాలని తెలియదన్నాను. నువ్వు ఎడమచేత్తో మౌసు పట్టుకోవడం నెల నుంచి చూస్తున్నాను, అదేదో మీ దేశపు అలవాటేమో, అడిగితే బాగుండదేమో అని ఊరుకున్నాను అన్నాడు. ఇద్దరం మర్యాదకి పోయి నా చెయ్యి పోగొట్టబోయామన్నమాట. చివరికి ధైర్యం చేసి, ఆరు వారాల్లో పని ఆలస్యమైతే ఎలాగని నోరు విడిచి అడిగాను. ఆయన నవ్వి, నాకు ఈ చేతులు ఆరు వారాల కోసమే కాదు, వచ్చే ఏడాదికీ కావాలి, అందుకే నీ కాంట్రాక్టు పొడిగించమని పోయినవారమే సంతకం పెట్టి పంపాను, మీ కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పలేదా అన్నాడు. మా వాళ్ళు చెప్పలేదు. (మా వాళ్ళు నాకు పండగ శుభాకాంక్షలు తప్ప ఏదీ సమయానికి చెప్పిన పాపాన పోలేదు.)

అప్పటినుంచి రోజూ సాయంత్రం అక్క వాళ్ళ బల్ల దగ్గర నాకు టైపు క్లాసు. ఇంటర్‌లో ఎగ్గొట్టిన ఎ ఎస్ డి ఎఫ్ మళ్ళీ మొదటినుంచి. అంకుల్ అనడం మానేసి సార్ అన్నాను. రెండు పావలాల్లో ఒకటి ఆర్కాన్సా పావలా, దాని మీద బాతూ వరికంకులూ ఉంటాయి. ఆ బాతు నా కుడి మణికట్టు మీదనుంచి ఎన్నిసార్లు కిందకి దూకిందో లెక్కలేదు. పావుగంటకోసారి చేతులు తీసి వేళ్ళు చాపి ముడవమనేవారు. నెల తిరిగేసరికి పొద్దున లేస్తే చెయ్యి నాదిలాగే ఉంది. చారులో ఇంగువ సరిగ్గా పడింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి, కత్తి అక్కర్లేదంది. ప్రోగ్రాము కూడా చెప్పిన రోజుకే దుకాణాలకి వెళ్ళింది.

సారు తిరిగి వెళ్ళే వారం వచ్చింది. వెళ్ళేముందు నాకు లోయర్ పరీక్ష పెడతానన్నారు. నేను ఒక షరతు పెట్టాను, హైదరాబాద్‌లో దిగగానే ఆయన కూడా చెయ్యి డాక్టరుకి చూపించుకోవాలని. ఆయన కండ తిరిగిరాదని డాక్టరమ్మ దగ్గర అడిగే తెలుసుకున్నాను, కానీ తిమ్మిరి తగ్గొచ్చు, ఉన్న పట్టు నిలబడొచ్చు, చూపించుకోవడం మంచిదని ఆవిడ అంది. సారు ముఖం ముడుచుకుని, "పరీక్షకు షరతులు ఉండవ్ బిడ్డా," అన్నారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అక్క వచ్చి నా పక్కన నిలబడింది. చివరికి ఆయన వంటగది టైమరు తిప్పుతూ, చూపెట్టుకుంట తీయ్, అన్నారు.

పరీక్ష పాఠం మా అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు కుక్కల పెంపకం గురించి తలుపులకి అంటించిన నోటీసు. పది నిమిషాలు. చివరి వాక్యం దాకా పావలాలు రెండూ కదల్లేదు. చివరి చుక్క పెట్టేటప్పుడు గర్వం కొద్దీ చెయ్యి ఎగరేశాను, బాతు కిందపడింది. సారు దాన్ని తీసి తుడిచి, నా చేతిలో పెట్టి, సెకండ్ క్లాస్ అన్నారు. తర్వాత నన్ను లేవమని నా కుర్చీలో కూర్చుని, సర్టిఫికెట్ తనే టైపు చేశారు. స్పేస్ మీట ఎడమ బొటనవేలితో కొడుతున్నారు, కుడిది ఊరికే పక్కన ఉంది. అయినా ఆ రెండు మణికట్లూ గీత గీసినట్టున్నాయి. పావలాలు పెట్టి చూడాల్సిన అవసరమే లేదు.

ఆ తర్వాత నాలుగైదు నెలలు కబురు లేదు. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోను మోగింది, ఇండియా నంబరు. సారు గొంతు. ఆపరేషనైందనీ, ఫిజియోథెరపీ పిల్ల చాలా సతాయిస్తోందనీ, పట్టు కొంచెం కొంచెం వస్తోందనీ చెప్పారు. అది చెప్పడానికి కాదు చేసింది. "ఇయ్యాల పొద్దుగాల నా గుండీలు నేనే పెట్టుకున్న బిడ్డా. పైది ఒక్కటి కాలే. దాన్ని వదిలేసిన," అన్నారు. పైది పెట్టుకోకపోతేనే బాగుంటుంది సార్, ఇక్కడ కుర్రాళ్ళంతా అలాగే వదిలేస్తారు అన్నాను. క్యూబ్ గోడ పైనుంచి కిటికీ బయటి చెట్టు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు నా కింద ఒక టీము ఉంది. కొత్తగా ఎవరొచ్చినా, ముఖ్యంగా మన పిల్లలెవరైనా బిక్కుబిక్కుమంటూ వచ్చి కూర్చుంటే, మొదటి పనిగా నేను వాళ్ళ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మీట లాగుతాను. వాళ్ళు కంగారుపడి మేడమ్ మీరెందుకు అంటూ లేచిపోతారు. లేవకపోతే కుర్చీ ఎలాగూ పైకి రాదు కాబట్టి అదీ మంచిదే. ఒక్కోసారి వాళ్ళ ముఖాల్లో నాలోని ఆనాటి పిల్ల కనిపిస్తుంది, ఛాతీదాకా బల్ల పెట్టుకుని, అడగకూడదనుకుని, చేతులు విరుచుకుని కూర్చున్న పిల్ల. దాని మీద కోపం రాదు, నవ్వొస్తుంది. దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి చూడవే, అది లేస్తుంది అని చెప్పాలనిపిస్తుంది.

ఇది రాయడానికి కూర్చునేటప్పుడు సొరుగులోంచి పావలాలు రెండూ తీసి సరదాకి మణికట్ల మీద పెట్టుకున్నాను. సారు గుండీల దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. అక్కడ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చి బాతు కిందపడింది. ఆయన పక్కనుంటే మళ్ళీ మొదటినుంచి కొట్టమనేవారు.